ఖుకురీ కొనేముందు ఒరను కూడా చూడాలి

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు వెళ్లొచ్చే తెలుగువాళ్ల పెట్టెల్లో రుద్రాక్షలు, సాలగ్రామాలతో పాటు అప్పుడప్పుడు ఓ వంపు కత్తి కూడా దిగుతుంది. కాఠ్మండులోని థమేల్ వీధుల్లో, పోఖరా చెరువుగట్టు దుకాణాల్లో ఖుకురీలు గోడల నిండా వేలాడుతుంటాయి. జేబులో పట్టే బొమ్మ కత్తుల నుంచి మూరెడు పొడవున్నవాటి దాకా అన్నీ దొరుకుతాయి. కొనేవాళ్లు దాదాపు అందరూ ఒకే వరసలో చూస్తారు: ఒరలోంచి సర్రున లాగడం, అంచు మీద బొటనవేలు ఆనించడం, మెరుపు చూసి మురిసిపోవడం, ఆపైన బేరం. ఒరను తిప్పి చూసేవాళ్లు అరుదు. కత్తితో పాటు ఊరికే వచ్చే వస్తువన్నట్టు దాన్ని సంచిలో పడేస్తారు.

ఇంటికొచ్చాక ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఆ ఒరే. కత్తిలో లోపం ఉంటే పని సరిగ్గా సాగదు. ఒరలో లోపం ఉంటే వేలు తెగుతుంది. కత్తి మంచిదో కాదో చూడటం ఎంత ముఖ్యమో, అది తన ఒరలో ఎలా కూర్చుంటోందో చూడటమూ అంతే ముఖ్యం. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే ఖుకురీ నాణ్యత అంచనాకు అందదు.

ముందుగా తేల్చుకోవాల్సింది 'చేత్తో చేసింది కదా' అనే మాట సంగతి. చేతిపనిలో ఏ రెండు కత్తులూ ఒకేలా ఉండవు. కత్తి చెంప మీద, అంటే అంచుకూ వెన్నుకూ మధ్య ఉండే చదును పక్క మీద, సుత్తి దెబ్బల గుంటలు మిగిలిపోవచ్చు, వెన్ను మీది చెక్కడం ఒకవైపు కాస్త లోతుగా పడొచ్చు, పిడి ఉంగరాలు వెంట్రుకవాసి పక్కకు జరగొచ్చు. వీటిని లోపాలనుకునేవాళ్లు యంత్రం మీద తయారైన కత్తి కొనుక్కోవడం మేలు. అంచులో సన్నని నెర్రె, వెన్నులో మెలి, పిడిలో కదలిక, ఒరలో పక్కలకు ఊగడం మాత్రం వేరే సంగతి. వీటికి చేతిపని సాకుగా పనికిరాదు. ఈ రెండు రకాలనూ కలగలిపేస్తే దుకాణదారుకు లాభం. కొనేవాళ్లు వాటిని విడదీసి చూసుకోవాలి.

కత్తి ఒకరిది, ఒర ఇంకొకరిది

ఖుకురీ చేసేది కామీలు. అంటే నేపాలీ కమ్మరులు. వాళ్లలో చాలామంది ఇంటిపేరు బిశ్వకర్మ. ఒరను నేపాలీలో దాప్ అంటారు. దానికి తోలు తొడిగి కుట్టడం సార్కీల కులవృత్తి. 1854లో వచ్చిన ములుకీ ఐన్ అనే శాసనం ఈ రెండు కులాలనూ అంటరానివారి వరుసలో చేర్చింది. 1963లో వచ్చిన కొత్త ములుకీ ఐన్ ఆ వివక్షకు చట్టం అండ లేకుండా చేసింది. దేశమంతా గర్వంగా చూపించుకునే కత్తి, ఊరి చివరకు నెట్టేసిన చేతుల్లోంచే పుట్టింది. దసరా సమయంలో వచ్చే దశైన్ పండక్కి బలి కత్తి కావాలన్నా, కొడవలికి పదును పెట్టాలన్నా ఊరంతా వాళ్ల కొలిమి దగ్గరికే వెళ్లేది. పండగ పంక్తిలో మాత్రం వాళ్లకు చోటుండేది కాదు.

కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. కత్తి, ఒర వేర్వేరు చేతుల పని, వేర్వేరు నైపుణ్యాలు. ఇప్పటి పెద్ద కార్ఖానాల్లో ఇద్దరూ ఒకే కప్పు కింద కూర్చుంటారు గానీ పని విభజన పెద్దగా మారలేదు. కత్తి పూర్తయి, మెరుగు పెట్టాకే ఒర పని మొదలవుతుంది. చివర్లో జరిగే పని కాబట్టి ఆర్డరు తొందరంతా దాని మీదే పడుతుంది. అద్భుతమైన కత్తికి అధ్వానమైన ఒర దొరకడంలో ఆశ్చర్యం లేదు.

ఉక్కు విషయానికొస్తే, ఎక్కువ ఖుకురీలు పాత లారీల, బస్సుల కమాన్ పట్టీల నుంచే పుడతాయి. ఆ ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం. గట్టిపడుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, తుక్కు సామాన్ల బజారులో చవగ్గా దొరుకుతుంది. 'ఇది మెర్సిడెస్ బెంజ్ స్ప్రింగు' అని దుకాణాల్లో గొప్పగా చెబుతారు. ఏ కంపెనీ లారీ కింద తిరిగిందన్నది కత్తికి పెద్దగా తేడా చేయదు. తేడా అంతా కొలిమిలో ఎలా కాల్చారు, నీళ్లు ఎలా పట్టించారు అన్నదాంట్లో ఉంది.

నీళ్లు పట్టించడం ఖుకురీ పనిలో అన్నిటికన్నా కీలకమైన ఘట్టం. కత్తి మొత్తాన్ని తొట్టిలో ముంచరు. అంచు వైపు ఎర్రగా కాలిన కత్తిని పట్టకారుతో పైకెత్తి పట్టుకుని, కెటిల్ కొమ్ములోంచి సన్నని ధారగా నీళ్లు అంచు మీద మాత్రమే పోస్తారు. ధార పొట్ట దగ్గర, అంటే కత్తి బాగా వెడల్పయ్యే చోట, మొదలై ఇటూ అటూ నడుస్తుంది. చుయ్యిమంటూ ఆవిరి లేస్తుంది. అంచు చల్లబడి గట్టిపడుతుంది, వెన్నులో మాత్రం వేడి అలాగే ఉంటుంది. ధార ఆపగానే ఆ వేడి మెల్లగా అంచు వైపు పాకి, మరీ పెళుసెక్కిన ఉక్కును కాస్త సడలిస్తుంది. ఆ పాకడం రంగుల్లో కనబడుతుంది. ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. కమ్మరి కన్ను ఆ రంగుల మీదే ఉంటుంది. ఎక్కడ ఆపాలో, మళ్లీ ఎక్కడ రెండు చుక్కలు పోయాలో అతని చేతికే తెలుసు. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా, ఒకే ఇనుములో రెండు గుణాలు వచ్చేది ఇలాగే. సాధారణంగా పొట్ట భాగం అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది. నరికే దెబ్బ పడేది అక్కడే. మొన, పిడి దగ్గరి మెడ కాస్త మెత్తగా మిగులుతాయి. మొన మెత్తగా ఉందని ఖుకురీని తప్పుపట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

కత్తిని చూసే క్రమం

మెరుపుతో మొదలుపెట్టకూడదు. అద్దంలా మెరిసే కత్తిలో కనిపించేది చూసేవాళ్ల ముఖమే. సాన మీద అతిగా రాస్తే అంచు వేడెక్కి, కొలిమిలో వచ్చిన గట్టిదనం అక్కడక్కడా పోతుంది. అంచు వెంట నీలపు మచ్చ కనిపిస్తే అది సాన మీద కాలిన చోటు. తర్వాత మెరుగు పెడితే ఆ మచ్చ మాయమవుతుంది గానీ పోయిన గట్టిదనం తిరిగి రాదు. అందుకే వాడకానికి కొనేవాళ్లకు కాస్త మోటుగా వదిలేసిన కత్తే నయం.

మొదట పిడిని కంటి దగ్గర పెట్టుకుని వెన్ను వెంట మొన దాకా చూపు నడపాలి. వెన్ను గీత పక్కకు వంగిందా, మొన మెలి తిరిగిందా, పిడి ఒకవైపు, కత్తి ఒకవైపు చూస్తున్నాయా అన్నది అక్కడే తేలిపోతుంది. కొద్దిపాటి వంపు వాడకానికి అడ్డు రాదు గానీ ఒరకు అడ్డొస్తుంది. మెలి తిరిగిన కత్తికి సరైన ఒర చేయడం మంచి పనివాళ్లకు కూడా కష్టం.

తర్వాత అంచు. వెలుతురుకు అడ్డంగా పెట్టి అంచును అంగుళం అంగుళం చూడాలి. అంచు నుంచి పైకి పాకే వెంట్రుకంత నల్లగీత ఉంటే అది నీళ్లు పట్టించేటప్పుడు వచ్చిన నెర్రె. దానికి మందు లేదు. ఎంత చిన్నదైనా కత్తిని వదిలేయాల్సిందే. చెంప మీద ఉండే చిన్న గుంటలు, పొర మడత గీతలు అంత ప్రమాదం కాదు, అవి అంచు దాకా రానంత వరకు. వేలిగోరుతో గీత మీద అడ్డంగా గీకి చూస్తే పైపై మరకో, లోతున్న చీలికో తెలుస్తుంది.

పిడికి దగ్గరగా అంచులో ఉండే చిన్న గంటును కౌడీ అంటారు. దాని మీద కథలకు కొదవలేదు. ఆవు గిట్ట అంటారు, శివుడి త్రిశూలం అంటారు, రక్తం పిడి మీదకి జారకుండా అంటారు, శత్రువు కత్తిని పట్టుకోవడానికి అంటారు. ఒక్కదానికీ గట్టి ఆధారం లేదు. ఒరలోంచి తీస్తే రక్తం చిందించకుండా లోపల పెట్టకూడదన్న మాట కూడా అలాంటిదే. అదే నిజమైతే నేపాల్ వంటిళ్లలో కూరగాయలు తరిగే పని ఆగిపోవాలి. గంటు విషయంలో చూడాల్సింది ఒక్కటే, దాని లోపలి మూలలు గుండ్రంగా ఉన్నాయా, ఉలితో కొట్టినట్టు వాడిగా ఉన్నాయా అని. వాడి మూలలోనే ఒత్తిడి పోగవుతుంది, చీలిక పుడితే అక్కడే పుడుతుంది.

గట్టిదనం చూడటానికి చిన్న ఆకురాయి చాలు. పొట్ట దగ్గర అంచు మీద తేలిగ్గా నడిపితే అది కొరక్కుండా జారాలి. వెన్ను మీద నడిపితే కొరకాలి. రెండు చోట్లా కొరికితే ఆ కత్తికి నీళ్లు సరిగా పట్టలేదు, గోడకు తగిలించుకోవడానికే. రెండు చోట్లా జారితే మొత్తం కత్తిని ముంచేశారన్నమాట, గట్టి దెబ్బకు విరిగే భయం ఉంటుంది. దుకాణంలో దీనికి ఒప్పుకోరు, ఇంటికొచ్చాక చేసుకోవాల్సిందే. ఇంకో పద్ధతి నిమ్మరసం. అంచు వైపు శుభ్రంగా తుడిచి, రసం రాసి కాసేపు ఉంచితే గట్టిపడ్డ భాగం, మెత్తని భాగం వేర్వేరు ఛాయలకు తిరుగుతాయి. పొట్ట వెంట ఒక పట్టీలా తేడా కనిపిస్తే కెటిల్ పని జరిగినట్టే. చూశాక కడిగి, ఆరబెట్టి, నూనె రాయడం మరిచిపోతే మాత్రం తెల్లారేసరికి తుప్పు పలకరిస్తుంది.

వాడుకలో పెట్టాక ఎండు చెక్క మీద నాలుగు దెబ్బలు వేసి చూస్తే మిగతాది తెలుస్తుంది. అంచు ఒకవైపు ఒరిగితే కాస్త మెత్తన, పెచ్చులూడితే పెళుసు. ఒరిగిన అంచును సవరించుకోవచ్చు. పెచ్చులూడినదాన్ని ఆ మేరకు అరగదీయడం తప్ప గతి లేదు. అతి గట్టి కత్తి కన్నా కొంచెం మెత్తని కత్తే అడవిలో, పొలంలో నమ్మకంగా పనిచేస్తుంది.

బరువు దగ్గర చాలామంది బోల్తా పడతారు. వెన్ను ఎంత మందంగా ఉంటే అంత గట్టి కత్తి అనుకుంటారు. వేలెడు మందం ఉన్న కత్తిని పది నిమిషాలు ఊపితే మణికట్టు నిజం చెబుతుంది. నైపుణ్యం మందంలో లేదు, మందం తగ్గే తీరులో ఉంది. పిడి దగ్గర మందంగా మొదలైన వెన్ను మొన వైపు వెళ్లేకొద్దీ క్రమంగా సన్నబడాలి. కమాన్ పట్టీని వంచి, అంచు మాత్రం అరగదీసిన కత్తిలో ఈ సన్నబడటం ఉండదు. పిడి నుంచి మొన దాకా ఒకటే మందం. సుత్తి కింద సాగిన కత్తికీ, సాన మీద కోసిన కత్తికీ తేడా ఇదే. ఖుకురీల్లో రకాలున్నాయి. సిరు గడ్డి ఆకు పేరు మోసే సిరుపాతే సన్నగా, తేలిగ్గా ఉంటుంది. తూర్పు నేపాల్‌లోని భోజ్‌పుర్ పేరుతో నడిచే భోజ్‌పురే పొట్ట వెడల్పుగా ఉంటుంది. ఆంగ్‌ఖోలా రకంలో వెన్ను కింద లోతైన గాడి తీసి బరువు తగ్గిస్తారు. పనిని బట్టి ఎంచుకోవాలి. కొమ్మలు కొట్టడానికి సిరుపాతే తెచ్చుకుని తేలిపోయిందనడం కత్తి తప్పు కాదు.

పిడి రెండు రకాలు. కత్తి నుంచి సన్నని తోక పిడి లోపలికి దిగేది ఒకటి. పిడి పొడవునా వెడల్పాటి రేకులా సాగి, రెండు పక్కలా చెక్కలు బిగించి రివిట్లు కొట్టేది రెండోది, దీన్ని పానావాల్ అంటారు. చూడగానే రెండోదే గట్టిదనిపిస్తుంది. బరువైన నరుకుడు పనికి అది నిజమే. కానీ తోక రకం పిడి దెబ్బ అదురును చేతికి తక్కువ చేరుస్తుంది, బరువు కూడా తక్కువ. తోకను పిడిలో పట్టి ఉంచేది లాహా అనే లక్క లాంటి జిగురు. వేడి చేసి పోస్తే చల్లారి బిగుసుకుంటుంది. పిడి పట్టుకుని కత్తి చెంపను అరచేతితో కొడితే లోపల టకటక వినిపిస్తే లాహా పగిలినట్టు. మళ్లీ వేడిచేసి బిగించుకోవచ్చు గనక దీన్ని పెద్ద లోపంగా చూడక్కర్లేదు. బర్రె కొమ్ము పిడి అందంగా ఉంటుంది గానీ ఎండు వాతావరణంలో కుంచించుకుని చీలే అవకాశం ఉంది. సిస్సూ చెక్క పిడి అంత తగువు పెట్టదు. పిడి మధ్యలో ఉండే ఉబ్బెత్తు ఉంగరం కొందరి చేతికి ఒరుసుకుంటుంది. కొనేముందు గుప్పిట బిగించి చూసుకోవాలి.

ఒర లెక్క

తిన్నని కత్తికి ఒర చేయడం తేలిక. పిడి నుంచి మొన దాకా వెడల్పు తగ్గుతూ పోతుంది కాబట్టి ఒర మూతి పిడి దగ్గరి వెడల్పుకు సరిపోతే చాలు. ఖుకురీ అలా కాదు. పిడి దగ్గర మెడ సన్నగా ఉండి, ముందుకు వంగి, పొట్ట దగ్గర బాగా వెడల్పయి, మళ్లీ మొనకు సన్నబడుతుంది. సంచిలోకి గుమ్మడికాయ వెళ్లాలంటే సంచి మూతి గుమ్మడికాయంత ఉండాల్సిందే. పొట్ట వెడల్పు 50 మిల్లీమీటర్లు, మెడ 35 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒర మూతి కనీసం 50 ఉండాలి. కత్తి పూర్తిగా దిగాక ఆ మూతిలో నిలిచేది మాత్రం 35 మిల్లీమీటర్ల మెడే. మిగిలిన 15 మిల్లీమీటర్లు ఖాళీ. పైగా కత్తి తిన్నగా దిగదు, వంపు వెంట తిరుగుతూ దిగుతుంది. దానికీ కొంత చోటు కావాలి.

అందుకని ఖుకురీని ఒరలో పట్టి ఉంచేది వెడల్పు కాదు, మందం. ఒరలోని రెండు చెక్క పలకలు కత్తి రెండు చెంపలనూ వెన్నుకు దగ్గరగా ఒత్తి పట్టుకోవాలి. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఒరను చూసే తీరే మారిపోతుంది. ఒరలో పెట్టిన కత్తి మూతి దగ్గర పైకీ కిందికీ, అంటే వెన్ను, అంచుల వైపు, కాస్త ఆడితే అది ఆకారం వల్ల వచ్చిన సహజమైన వదులు. కుడి ఎడమలకు, అంటే చెంపల వైపు ఊగితే అది పనివాడు వదిలేసిన లోపం. చాలామంది మొదటిదాన్ని చూసి గొడవపడతారు, రెండోదాన్ని వదిలేస్తారు.

తయారీ తీరు చూస్తే లోపాలు ఎక్కడ పుడతాయో తెలుస్తుంది. తేలికపాటి మెత్తని చెక్కను రెండు పలకలుగా చేసి, వాటి మీద కత్తిని పెట్టి గీత గీసి, లోపల తొలుస్తారు. రెంటినీ కలిపి జిగురుతో అతికిస్తారు. పైన నానబెట్టిన పలచని బర్రె తోలో మేక తోలో బిగుతుగా తొడిగి, శరీరానికి ఆనే వెనక వైపు కుట్టేస్తారు. తోలు ఆరుతూ బిగుసుకుని చెక్కను పట్టేస్తుంది. ఏ ఒర ఆ కత్తి కోసమే చేసింది. పక్క కత్తి చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా ఒర మార్చి పెడితే ఇరుక్కోవచ్చు, జారిపోవచ్చు. దుకాణంలో పది కత్తులు తీసి చూపించాక ఒరలు తారుమారవడం మామూలే. వదులుగా ఉన్న కత్తిని తిట్టుకునేముందు పక్కన ఉన్న ఒర కూడా పెట్టి చూడటం మంచిది.

పరీక్ష పెద్ద పనేం కాదు. కత్తిని ఒరలో పూర్తిగా దించాక పిడి మొదట్లో ఉండే ఇత్తడి పట్టీ ఒర మూతికి ఆని నిలవాలి. మధ్యలో సందు ఉంటే మొన అడుగున తగులుతోందన్నమాట, లేదా లోపల జిగురు ముద్ద అడ్డుపడుతోందన్నమాట. తర్వాత ఒరను పట్టుకుని, కింద పరుపో దిండో ఉంచి, పిడి నేల వైపు ఉండేలా తలకిందులు చేయాలి. కత్తి తనంతట తాను జారకూడదు. గట్టిగా రెండు కుదుపులు కుదిపితే కొద్దిగా జరిగినా తప్పు పట్టాల్సింది లేదు. గోడకు తగిలించుకునేవాళ్లకు ఆ పట్టు చాలు, నడుముకు కట్టుకుని కొండలెక్కేవాళ్లకు చాలదు. అలాగని లాగలేనంత బిగుతు మంచిది కాదు. బిగిసిన కత్తిని బలంగా లాగేటప్పుడే చేయి అదుపు తప్పుతుంది. మొదటి అంగుళం కాస్త మొరాయించి, ఆ తర్వాత సాఫీగా రావడం మంచి ఒర లక్షణం.

ఇంకో పరీక్షకు ఓ తెల్ల కాగితం కావాలి. కత్తిని నాలుగైదు సార్లు తీసి పెట్టాక, ఒర మూతిని కాగితం మీద బోర్లించి తట్టాలి. కొత్త ఒరలోంచి మొదట్లో చెక్క పొడి కాస్త రాలడం మామూలే. ప్రతిసారీ సన్నని చెక్క పీలికలు రాలుతుంటే అంచు లోపలి గోడను చెక్కుతోందని అర్థం. అలా చెక్కుతూ చెక్కుతూ ఓ రోజు రెండు పలకలు కలిసే అతుకును తెరిచేస్తుంది. అక్కడి నుంచి బయటికి మిగిలేది తోలు పొర ఒక్కటే. ఒర అంచు వైపు వేలితో తడిమితే ఉబ్బు, పగులు, తోలు మీద సన్నని గీత తగులుతాయేమో చూడాలి. తగిలితే ఆ ఒరను ఇక వాడకూడదు.

ఖుకురీ వాడేవాళ్లలో బాగా తెలిసిన ప్రమాదం ఇదే. ఒరను ఎడమచేత్తో గుప్పిట పట్టి, వేళ్లు అంచు వైపు చుట్టుకుని, కుడిచేత్తో కత్తిని లాగుతారు. మూతి దగ్గరున్న ఖాళీ వల్ల పొట్ట బయటికొచ్చేటప్పుడు అంచు అతుకు మీదకి వాలుతుంది. అతుకు బలహీనంగా ఉంటే తోలుతో పాటు వేళ్లూ తెగుతాయి. సరైన పద్ధతిలో బొటనవేలు ఒక చెంప మీద, మిగతా వేళ్లు రెండో చెంప మీద ఆనాలి, అంచు వైపు ఏ వేలూ ఉండకూడదు. లాగేటప్పుడు కత్తి వెన్ను ఒర వెన్ను వైపు గోడకే రాసుకుంటూ, వంపు వెంట రావాలి. లోపల పెట్టేటప్పుడూ అంతే. సినిమాల్లో చూపించినట్టు ఒక్క ఊపున తీయడం సరదాగా ఉంటుంది గానీ, ఒర ఎంత మంచిదో తెలియకుండా చేసే సరదా కాదు.

చెంపల మీద గీతలు కూడా చదవొచ్చు. కొన్ని రోజులు వాడాక మెరుగు మీద ఒకే చోట పొడవాటి గీతలు పడుతుంటే లోపల ఆ ఎత్తులో ఇసుక రేణువో జిగురు బొట్టో ఉంది. ఫోను లైటు మూతిలోకి వేసి చూస్తే సాధారణంగా దొరికిపోతుంది.

ఒర వెనక చిన్న జేబుల్లో రెండు బుల్లి కత్తులుంటాయి. కర్దా చిన్నచిన్న కోతలకు. చక్మక్‌కు పదునుండదు, పెద్ద కత్తి అంచు ఒరిగినప్పుడు దాని మీద రుద్ది నిలబెట్టడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టించడానికి ఉద్దేశించింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. నేపాలీ సార్కీ మూడు ఇమిడ్చాడు. కొత్త ఖుకురీల్లో ఈ రెండూ చాలావరకు అలంకారమే, మెత్తని ఇనుముతో చేసి పెడతారు. చక్మక్ కనీసం గట్టిపడిందో లేదో ఆకురాయితో చూసుకోవచ్చు. జేబుల్లోంచి అవి జారిపడుతున్నాయా, ఒరను బెల్టుకు తగిలించే తోలు పట్టీ కిందికి జారుతోందా, ఒర చివరి లోహపు తొడుగు వదులైందా అన్నవి రెండు నిమిషాల్లో తేలే సంగతులు.

పాతవాటి సంగతి వేరే. 2003లో కాఠ్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారం సరుకును విదేశీ వ్యాపారులు కొన్నాక, 19వ శతాబ్దపు నేపాలీ సైనిక ఖుకురీలు వేల సంఖ్యలో ప్రపంచ బజారులోకి వచ్చాయి. ఇలాంటి పాత కత్తుల విషయంలో ఒర అసలుదేనా అన్నది మొదటి ప్రశ్న. కత్తి నూరేళ్లు నిలిచినా చెక్క, తోలు అంతకాలం నిలవడం కష్టం. చాలా కత్తులకు తర్వాతెప్పుడో ఒర జతచేసి ఉంటారు. కత్తి మీది పాత తుప్పు మచ్చలు, ఒర లోపలి మరకలు ఒకే ఎత్తులో కలుస్తాయా లేదా అన్నది మంచి ఆధారం. జత చేసిన ఒర ఉండటం తప్పేం కాదు. దాన్ని అసలుదని చెప్పి ఎక్కువ రాబట్టుకోవడమే తప్పు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు సాధారణంగా పక్క నుంచి తీసిన ఒకే ఫొటో చూసి డబ్బు కడతారు. ఆ ఫొటోలో వెన్ను మెలి కనపడదు, ఒర పట్టు కనపడదు. పిడి వైపు నుంచి వెన్ను వెంట తీసిన ఫొటో, గంటు దగ్గరగా ఒకటి, ఒర అంచు వైపు ఒకటి, తలకిందులు పట్టుకున్న చిన్న వీడియో అడగాలి. ఇవ్వడానికి తటపటాయించే అమ్మకందారును వదులుకుంటే నష్టమేమీ లేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. భారత ఆయుధ నిబంధనలు కృపాణాలతో పాటు ఖుకురీలను పేరు పెట్టి ప్రస్తావిస్తాయి. అలుగు, అంటే పిడి కాక మిగిలిన కత్తి భాగం, 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా ఐదో వర్గం ఆయుధం కిందికి వస్తుంది. ఇంటి వాడకానికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి ఇది వర్తించదు. మామూలు సైజు ఖుకురీ అలుగే 10, 11 అంగుళాలు ఉంటుంది కాబట్టి, కొనేముందు కొలత చూసుకోవడం, కొన్నాక రసీదు దాచుకోవడం మంచిది. విమానంలో చేతి సంచిలో అనుమతించరు, చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

ఇంటికొచ్చాక వాతావరణం తన పని మొదలుపెడుతుంది. కొండల్లో, వానల్లో తయారైన ఒర మే నెల హైదరాబాద్ ఎండకు చిక్కితే చెక్క కుంచించుకుంటుంది, తోలు ఇంకా బిగుస్తుంది, నిన్నటిదాకా సాఫీగా వచ్చిన కత్తి మొరాయిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పు గాలి వేరే సమస్య. తోలు తేమ పీల్చుకుని కత్తిని తుప్పు పట్టిస్తుంది. ఎక్కువ రోజులు వాడకపోతే కత్తిని ఒర బయటే, గుడ్డలో చుట్టి ఉంచడం నయం. కొబ్బరి నూనె రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది గానీ అది నిల్వలో జిడ్డుకట్టి ఒర లోపల అంటుకుంటుంది. కుట్టుమిషన్ నూనె పలచగా రాస్తే చాలు.

బిగుతైన ఒరను సరిచేయడానికి సన్నని కర్రకు గరుకు కాగితం చుట్టి, రాపిడి పడుతున్న చోట మాత్రమే లోపల రుద్దాలి. అంచు వైపు గోడ జోలికి మాత్రం పోకూడదు. వదులైన ఒరకు మూతి లోపల, చెంప ఆనే వైపు పలచని తోలు పట్టీ ఒకటి అతికిస్తే పట్టు వస్తుంది. అతుకు తెరుచుకున్న ఒరను పైనుంచి జిగురు పూసి మభ్యపెట్టకూడదు, కొత్తది చేయించుకోవాలి. మన ఊళ్లలో ఓపికున్న వడ్రంగి, చెప్పులు కుట్టే పనివాళ్లు కలిస్తే అది అసాధ్యమేమీ కాదు. కాగితం మీద గీసిన ఆకారం ఇచ్చి చేయమంటే మాత్రం కుదరదు. గీతలో వెడల్పే వస్తుంది, ఒర పట్టుకునే మందం రాదు. కత్తినే వడ్రంగి చేతికివ్వాలి, అంచుకు గుడ్డ చుట్టి.